వెనుకబడిన పిల్లవాడు – ఉపాధ్యాయుని శిక్షణ
(ఇంద్రేశమున, పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ ప్రాంతమునకు వచ్చినప్పుడెల్ల పంచాయతీ సభ్యులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, మా బడికి ఉన్నదే ఇద్దరు ఉపాధ్యాయులు. వారిలో ఒకరిని శిక్షణ పేర మీరు పిలిపించుకొనుచుందురు. ఆ దినములలో మా పిల్లల గతి యేమి?" ఇది న్యాయమైన ప్రశ్న. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు పనిలో నున్న మేము దీనికి సూటిగా సమాధానము చెప్పవలసి యున్నది. శిక్షణ ముగించుకొని వచ్చిన ఉపాధ్యాయుడు మరునాడు తన తరగతిలో ఏదియు వేరుగా చేయనిచో ఆ దినములు నష్టమే. అట్టి నష్టము చాలకాలము జరిగినది. అందులో మా పాలు కూడ కలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శిక్షణ తరగతిలో మేము మూడు దినములు ఉపన్యసించితిమి. చివరి దినమున ఒక ఉపాధ్యాయిని లేచి నిలిచి ఇట్లడిగినది: "నా ఐదవ తరగతిలో ఇరువది ఎనిమిది మంది ఉన్నారు. తొమ్మండుగురికి అక్షరములే సరిగా రావు. పదిమంది పదములు చదువుదురు గాని వాక్యము చదువలేరు. తక్కినవారు పాఠము చదువగలరు. రేపు గంట కొట్టిన పిదప నేను ఏ పుట తెరువవలెను?" మా చేతిలోని పుస్తకములో దీనికి జవాబు లేదు. శిశుకేంద్రక విద్యను గూర్చి మేమేదో చెప్పితిమి. ఆమె మారుమాటాడక కూర్చున్నది. ఆ మూడు దినములలో నిజముగా పాఠము చెప్పినది ఆమెయే.

ఆమె తరగతి విచిత్రమైనది కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుండి గ్రామములలో ఇంటింటికిని పోయి పిల్లలచేత చదివించి చూచుచున్నది. దేశపు గ్రామసీమలలో ఐదవ తరగతి పిల్లలలో రమారమి సగము మంది రెండవ తరగతి పాఠమును చదువలేకున్నారని ఆ పరిశీలనలు తెలుపుచున్నవి.

ఈ చిక్కునకు విద్యావేత్తలు చూపిన మార్గము మూడంచెల తోడ్పాటు. తరగతిలోని పిల్లలందరికిని మంచి బోధన మొదటి అంచె. అప్పటికిని అందుకొనలేని కొందరిని చిన్న జట్టుగా కూర్చి, కొన్ని వారములపాటు అదనముగా చెప్పుట రెండవది. దానితోను ఫలితము రానివారికి ఒక్కొక్కరికి విడిగా, నిపుణుల సాయముతో చేయు ఏర్పాటు మూడవది. అమెరికాలో 2004 నాటి చట్టము ఇట్టి పద్ధతికి చోటిచ్చినది. ఫిన్లాండు దేశము 2011లో మూడంచెలను చట్టబద్ధము చేసి, 2025 ఆగస్టులో ఆ ఏర్పాటును మార్చుకొన్నది. కాగితముల భారమును తగ్గించుట ఆ మార్పు ఉద్దేశములలో ఒకటి. ఈ సంగతి మన అధికారులు కూడ గమనింపదగినది.

అచ్చటి గ్రంథములలో నూటికి 80 మందికి మొదటి అంచె చాలుననియు, 15 మందికి రెండవది, 5గురికి మూడవది వలయుననియు ఒక లెక్క కలదు. మన బడులలో ఈ లెక్క తలక్రిందులగును. ఇరువది ఎనిమిది మందిలో పందొమ్మిది మంది వెనుకబడి యున్నప్పుడు వారిని "కొందరు" అనుటెట్లు? అట్టిచోట మొదటి అంచెనే మార్చవలెను. పుస్తకమును పక్కన నుంచి పిల్లలున్న చోటినుండి మొదలిడవలెను.

తెలంగాణములో 2022 ఆగస్టు 15న ప్రారంభమైన "తొలిమెట్టు" కార్యక్రమము ఈ దారిలోనిదే. ఒకటి మొదలు ఐదవ తరగతి వరకు పిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట గట్టిగా పట్టుబడవలెనని దాని ఉద్దేశము. మొదట ప్రతి పిల్లవానిని పరీక్షించి వాడెచ్చటనున్నాడో తెలిసికొనుట, ఆ స్థాయిని బట్టి బోధించుట, తరచుగా మరల చూచుకొనుట - ఇవి అందులోని ముఖ్యాంశములు. దీనికై ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, పాఠశాల సముదాయములలో సమీక్షలు నడిపిరి. పాఠశాల సముదాయమను ఆలోచన కొఠారీ సంఘము 1964-66లో చేసిన సూచన. ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు ఒకచోట కూడి తమ చిక్కులు చెప్పుకొనుటయే దాని ప్రాణము. దూరము నుండి వచ్చిన వక్త మూడు దినములలో చేయలేని పనిని పొరుగు బడి ఉపాధ్యాయుడు ఒక పూటలో చేయగలడని మేము ఇప్పుడు నమ్ముచున్నాము.

అయితే లోపములు లేకపోలేదు. కొన్ని బడులలో పట్టికలు నింపుటయే బోధన యైనది. అంతకు మించిన కీడొకటి కలదు. జట్లుగా విభజించిన పిదప, అక్షరములు రాని పిల్లలు ఏడాది పొడుగునను అదే వరుసలో కూర్చుండిపోవుదురు. తోటివారు వారిని ఆ వరుస పేరుతోనే పిలుతురు. ఆరు వారములకొకసారియైనను జట్లు మారనిచో అది తోడ్పాటు కాదు, ముద్ర వేయుట. లెక్కలలో చురుకైనవాడు చదువులో వెనుకబడి యుండవచ్చును. వానికి రెండింటిలోను ఒకే వరుస తగదు.

శిక్షణలో అన్నిటికంటె కష్టమైన భాగమును ఇక చెప్పెదము. పిల్లవాడెందుకు వెనుకబడెనో కనుగొనుట అది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతములలో పరిశ్రమలు వెలసిన నాటినుండి ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశము మొదలగు చోటులనుండి కుటుంబములు వచ్చి ఉండుచున్నవి. ఇంటిలో ఒడియా మాటలాడు బాలుడు తెలుగు పాఠము నడుచునప్పుడు మౌనముగా నుండును. ఉపాధ్యాయుడు వానిని మందబుద్ధి యనుకొనును. లెక్కను చింతగింజలతో చేయుమనినచో వాడే ముందుగా చేయును! తండాల పిల్లల విషయమున కూడ ఈ పొరపాటు తరతరాలుగా జరిగినది. ఒక బడిలో నల్లబల్లపై వ్రాసినదానిని ఎప్పుడును తప్పుగా వ్రాసుకొను బాలికను చూచితిమి. అశ్రద్ధయని ఆమెను చాలమారులు దండించిరట. ముందు వరుసలో కూర్చుండబెట్టగా తప్పులు సగమైనవి. కండ్లద్దములు వచ్చిన పిదప తక్కినవియు పోయినవి. భాష, గైర్హాజరు, చూపు, వినికిడి - వీనినన్నిటిని విచారించిన తరువాతనే నేర్చుకొనుటలో లోపమున్నదేమోయని అనుమానింపవలెను. అట్టి లోపమును కూడ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తన 21 రకములలో చేర్చినది. అట్టి పిల్లలకై ఏర్పడిన భవిత కేంద్రములు ఉన్నవి. కాని అచ్చటికి పిల్లను తీసికొనిపోవుటకు కూలి మానుకొనవలసిన తల్లి ఎన్ని మారులు పోగలదు? మూడవ అంచె మన గ్రామములలో తరచుగా తెగుచున్నది ఇచ్చటనే.

ఇక పంచాయతీ మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 24వ సెక్షను ప్రతి పిల్లవాని నేర్చుకొను శక్తిని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన చేయుట ఉపాధ్యాయుని విధియని చెప్పుచున్నది. కాగా 9వ సెక్షను స్థానిక సంస్థలపై విధులు మోపినది. తమ పరిధిలోని పదునాలుగేండ్ల లోపు పిల్లల వివరములను ఉంచవలెను. వలస వచ్చిన కుటుంబముల పిల్లలను బడిలో చేర్చవలెను. ఇటుకబట్టీల వద్దను కార్మికుల గదులలోను ఎందరు పిల్లలున్నారో మీ పుస్తకములో వ్రాసియున్నదా? బడికి దూరమైన పిల్లలను వయస్సుకు తగిన తరగతికి సిద్ధపరచుట సాధ్యమేనని శాంతా సిన్హాగారి ఆధ్వర్యమున ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో 1990 దశకమునందే నిరూపించినది.

27వ సెక్షను ప్రకారము జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయుని నియోగింపరాదు. శిక్షణ దినములను లెక్కించు పంచాయతీ, ఇట్టి దినములను కూడ లెక్కించి పై అధికారులకు వ్రాయుట మేలు.

మొదటి ప్రశ్నకు మరల వత్తుము. ఇద్దరు ఉపాధ్యాయులున్న బడినుండి ఇద్దరిని ఒకే దినమున పిలువవద్దని మీరు మండల విద్యాధికారిని గట్టిగా కోరుడు. శిక్షణనుండి వచ్చిన ఉపాధ్యాయుని, "ఏ పిల్లలకై ఏమి మార్చినారు?" అని బడి యాజమాన్య కమిటీలో అడుగుడు, పట్టికను కాదు, పిల్లవాని చేత చదివించి చూపుమనుడు. రెండవ అంచె జట్టు కూర్చుండుటకు నీడగల వసారా యొకటి చూపుడు. భవిత కేంద్రమునకు పోవు తల్లికి ప్రయాణపు సదుపాయము చూడుడు. రాబోవు పాఠశాల సముదాయ సమావేశమునకు మీలో ఇద్దరు వచ్చి వెనుక బల్లపై కూర్చుండుడు. ఆ దినమున మా ఉపన్యాసము ఉండదు. ప్రతి ఉపాధ్యాయుడు తన తరగతిలోని ఒక్క పిల్లవాని సంగతి తెచ్చి చెప్పవలెనని నిశ్చయించితిమి.