'ఇఫ్' అని రాసేది ఎవరు?

(మాదాపూర్ దగ్గరి ఒక హాస్టల్లో ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



వచ్చేటప్పుడు సైబర్ టవర్స్ చూసే ఉంటారు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన గుండ్రటి బిల్డింగు. ఇసుక, ఇటుక మోసే పని మనకెప్పుడూ దొరుకుతది. లోపల కీబోర్డు మీద మనోళ్ళ చేతులెన్ని? ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు, ఆ లెక్క చెప్పుమని అడిగేటోడూ లేడు.

ఇందాక ఒక తండ్రి అడిగిండు: "మా పోరనికి కోడింగు నేర్పుండ్రి చాలు. మధ్యల కులం ముచ్చటెందుకు? కంప్యూటర్‌కు కులముంటదా?"

లేదన్నా. కంప్యూటర్‌కు కులం లేదు, ఆకలీ లేదు. చెప్పింది చేస్తది. పిల్లలు మొదట నేర్చే సి భాషలో 'ఇఫ్' అని ఒకటుంటది. ఇట్లయితే ఇది చెయ్, లేకుంటే అది చెయ్ అని అర్థం. కారుంటే రేషన్ కార్డు తీసెయ్, లేకుంటే ఉంచు. పది నిమిషాల్లో రాసేస్తరు. కానీ కారున్నదని దానికి చెప్పిందెవరు?

ఇది కట్టుకథ కాదు. తెలంగాణలో 2014 నుంచి 2019 మధ్య 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయినయి. ముందుగా నోటీసు లేదు. ఆ ఏరివేతలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌ను వాడిండ్రు. ఒక శాఖ పట్టికలోని పేరు, చిరునామా తీసుకొని ఇంకో శాఖ పట్టికతో పోల్చి, ఇద్దరూ ఒకరేనని తేల్చడం దాని పని. రిక్షా తొక్కి బతికిన మనిషికి కారున్నదని లెక్కగట్టి హైదరాబాద్‌లో ఒక కుటుంబం కార్డు తీసేసిండ్రు. రద్దయిన కార్డులను మళ్ళీ విచారించుమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మన వాడలో ఎల్లయ్యలెంతమంది? ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక గుమస్తా ఒక 'ఎల్' వేస్తడు, ఇంకో గుమస్తా రెండేస్తడు. నా పేరే మూడు కాగితాల మీద మూడు తీర్లున్నది, చదువుకున్నోణ్ణయి ఉండి! ఇంటి నంబరు సరిగ్గ లేని వాడ, మన పేరు అడిగి రాసుకునే ఓపిక లేని ఆఫీసు, ఇవి కులం చేసిపెట్టిన పనులు. ఆ కాగితాలే కంప్యూటర్లోకి పోయినయి. రెండు పేర్లు ఎంత కలిస్తే ఒక్క మనిషే అనుకోవాలె? నూటికి 80 పాళ్ళా, 90 పాళ్ళా? ఆ అంకె వేసేది మనిషే. తప్పయితే ఎవరి కంచంలో బువ్వ పోతదని అప్పుడే అడగాలె. అడగని ఇంజనీరు దుర్మార్గుడని నేననను. వాడ మొఖం చూసి ఉండడు, అంతే. మనోడు ఆ కుర్చీలో కూసుంటే అడుగుతడా? నేర్పితేనే అడుగుతడు.

అందుకే కాలేజీలో మొదటి కోర్సులోనే రెండూ కలిపి చెప్పాలంటున్న. జెఎన్‌టియు హైదరాబాద్ 2015లో ఆడ, మగ సమానత్వం మీద తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో ఉన్న పుస్తకాన్ని ఇంజనీరింగ్ పిల్లలకు పాఠంగా పెట్టింది. మంచి పని. కానీ అది వేరే పీరియడ్, వేరే పుస్తకం. నేనడిగేది ఇంకో పీరియడ్ కాదు. 'ఇఫ్' చెప్పే రోజే, అదే బోర్డు మీద, రేషన్ కార్డు సంగతి చెప్పాలె.

ఉద్యోగమొస్తే కులం పోతదనుకునేటోళ్ళకు ఒక్క మాట. దళిత ఇంజనీరును కులం పేరుతో తొక్కిండ్రని 2020లో సిస్కో కంపెనీ మీద కేసు వేసింది కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ. ఇద్దరు మేనేజర్ల మీది కేసును 2023లో వాపసు తీసుకున్నది, కంపెనీ మీది కేసును మాత్రం అప్పుడు వదల్లేదు. కులవివక్షను నిషేధిస్తూ సియాటెల్ నగరం చట్టం చేసింది కూడా 2023లోనే. కులం ఏడు సముద్రాలు దాటిపోయింది, వీసా మన పిల్లల కన్నా ముందే దానికి దొరికింది.

పిల్లలూ, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పని చెయ్యుండ్రి. వాడలో పది ఇండ్లు తిరుగుండ్రి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు మీద ఒకే మనిషి పేరు ఎన్ని తీర్ల ఉన్నదో నోటుబుక్కులో రాసుకొని రండి. నంబర్లు రాసుకోవద్దు, పేర్లు చాలు. వచ్చినంక వాటిని పోల్చే ప్రోగ్రాం మీరే రాద్దురు. మొదలు మీ అమ్మ పేరు పెట్టి చూడుండ్రి.