చెప్పుకోవడానికి సిగ్గెందుకు?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇన్నాళ్ళూ ఈ సభల్లో డి.ఏ. బకాయిల గురించే మాట్లాడాను. ఈ రోజు మనం ఇంట్లో కూడా చెప్పుకోని ఒక బాధ గురించి మనవి చేస్తాను. అది మూత్రం ఆగిపోవడం.

నాకు ప్రోస్టేట్ గ్రంథి పెరిగి కొన్నేళ్ళయింది. పోయిన చలికాలం జలుబు చేస్తే, డాక్టరుకు చూపించకుండా మందుల షాపులో బిళ్ళలు తెచ్చి వేసుకున్నాను. క్లోర్‌ఫెనిరమిన్ వంటి జలుబు మందులు మనబోటివారికి మూత్రం బిగబట్టేలా చేస్తాయని అప్పుడు తెలియదు. రాత్రి పది నుంచి చుక్క రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. వస్తుందేమోనని చెంబెడు నీళ్ళు తాగాను. బాధ రెట్టింపయింది. ఫైళ్ళు పెండింగులో పెట్టవద్దని సర్వీసంతా చెప్పినవాణ్ణి, సిగ్గుతో ఈ ఒక్క ఫైలూ తెల్లవార్లూ పెండింగులో పెట్టాను. చివరికి కోడలే చూసి, "ఏమిటి మామయ్యగారూ, ఇలా వణుకుతున్నారు?" అని ఆటో పిలిపించింది.

ఆసుపత్రిలో నర్సమ్మ ముందు తెర లాగింది. "మేము రోజూ చూసేదే తాతగారూ, మొహమాటపడకండి" అంది. తిమ్మిరి కలిగించే జెల్లీ వేసి, అది పనిచేసేదాకా ఆగింది. నెమ్మదిగా ఊపిరి వదలమంటూ ట్యూబు వేసింది. దాదాపు లీటరు మూత్రం వచ్చింది. నిమిషాల్లో నొప్పి పోయింది. ఈ నొప్పికి అసలు మందు మూత్రాశయం ఖాళీ కావడమే. నొప్పి బిళ్ళలు వేసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు.

ట్యూబుతోనే ఇంటికి పంపారు. నర్సమ్మ మా కోడలికి, అబ్బాయికి చెప్పిన జాగ్రత్తలు ఇవి:

1. ట్యూబు ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
2. సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందనే ఉండాలి, నేలకు తగలకూడదు.
3. ట్యూబును తొడకు ప్లాస్టరుతో అంటించాలి. లాగితే నొప్పి, రక్తం.
4. పొత్తికడుపులో పట్టేసినట్లుంటే ముందు ట్యూబు మెలిక పడిందేమో చూడాలి.
5. మూత్రం దిగకపోయినా, చలిజ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వారం తర్వాత ట్యూబు తీశారు. డాక్టరుగారు రాసిన టామ్సులోసిన్ బిళ్ళ వాడుతున్నాను.

మిత్రులారా, కొందరికి నొప్పి లేకుండానే మూత్రం నిలిచిపోయి, చుక్కలు చుక్కలుగా కారుతుంది. అదీ చూపించుకోవలసిందే. అశ్రద్ధ చేస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పిల్లలకు ఒక మనవి: పెద్దవాళ్ళు రాత్రిపూట ఊరికే పచార్లు చేస్తుంటే కారణం అడగండి. మేము చెప్పం, మీరే అడగాలి.