గురువులు చెప్పని పాఠం

(అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పడమటి దేశాలకు మన దేశం ఏమిచ్చిందని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే: ఆధ్యాత్మికత. మేమూ ఇరవై ఏళ్లుగా బళ్లో అదే చెప్పుకొస్తున్నాం. ఇవాళ ఆ పాఠంలో లేని ముక్క మాట్లాడుకుందాం.

1893లో చికాగో సర్వమత సభలో వివేకానందుడు మాట్లాడాడు. మరుసటి ఏడే న్యూయార్కులో వేదాంత సొసైటీ వెలిసింది. 1920లో యోగానంద అమెరికా వెళ్లాడు. 1946లో అచ్చయిన ఆయన ఆత్మకథను లక్షల మంది చదివారు. 1966లో భక్తివేదాంత స్వామి న్యూయార్కులో హరేకృష్ణ సంఘం పెట్టాడు. 1968లో బీటిల్స్ పాటగాళ్లు మహేష్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకోడానికి రుషీకేశ్ వచ్చారు. యోగా, మంత్రం, కర్మ, గురువు ఇంగ్లీషు మాటలైపోయాయి. ఇదంతా ఉత్తదని మేమనడం లేదు. వియత్నాం యుద్ధంతో, డబ్బు యావతో విసిగిన అక్కడి కుర్రకారుకు శాంతి కావాల్సొచ్చింది. ఆ ఆకలి నిజమే. నడుంనొప్పి ఉన్నవాడు ఆసనం వేస్తే మాకేం బాధ లేదు.

మా పేచీ వేరే. అందరిలోనూ ఉన్నది ఒకే ఆత్మ అని సముద్రం దాటి చెప్పారు. మరి ఊళ్లో రెండు బావులెందుకు? వివేకానందుడు అంటరానితనాన్ని తిట్టిన మాట నిజమే. కానీ పడమటివాళ్లు ఆయన దగ్గర పుచ్చుకున్నది వేదాంతాన్ని, ఆ తిట్టును కాదు. కర్మ అంటే వాళ్లకు చేసుకున్నవాడికి చేసుకున్నంత అనే నీతి. మా తాతలకో? పోయిన జన్మలో పాపం చేశావు, ఈ జన్మలో చచ్చిన గొడ్డును మొయ్యి అని నోరు మూయించిన మాట.

కులం సంగతి కూడా అదే న్యూయార్కులో ఒకరు చెప్పారు. 1916 మే నెలలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న పాతికేళ్ల బాబాసాహెబ్ భారతదేశంలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివారు. హిందువులు వలసపోతే కులం ప్రపంచ సమస్య అవుతుందన్న కేత్కర్ మాటను అందులో ఎత్తిచూపారు. అలాగే అయింది. మనవాళ్లు విమానం ఎక్కినప్పుడు ఆవకాయ జాడీతో పాటు కులమూ ఎక్కింది. మా దగ్గర చదువుకొని అక్కడ ఉద్యోగం చేస్తున్న కుర్రాడొకడు, "సార్, తెలుగువాళ్లు ఇంటిపేరు అడిగితే మాట దాటేస్తున్నా" అని ఫోన్లో చెప్పాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నరు, ఉన్న చట్టాలే చాలంటూ తోసిపుచ్చాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాం. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ గాంధీ పుట్టిన దేశం చూద్దామని వచ్చాడు. త్రివేండ్రంలో అంటరానివాళ్ల పిల్లలు చదివే ఒక బడికి వెళ్లాడు. అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని పిల్లలకు, ఈయన అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరానివాడే అని పరిచయం చేశాడు. కింగ్‌కు మొదట చురుక్కుమంది. తర్వాత ఆలోచించుకుని, ఔను, నేనూ అంటరానివాణ్ణే, మా నల్లవాళ్లందరూ అంటరానివాళ్లే అనుకున్నాడు. 1965 జులై 4న అట్లాంటాలోని తన చర్చిలో ఈ సంగతి ఆయనే చెప్పాడు.

పడమటికి పాఠం చెప్పిన గురువుల పేర్లలో ఆ హెడ్మాస్టరు పేరు ఉండదు. కానీ ఆయన చెప్పిన పాఠమే మనది.

పిల్లలారా, రేపు మీరూ వెళ్తారు. యోగా అంటే ఏమిటని ఎవరైనా అడిగితే తెలిసింది చెప్పండి. కులం అంటే ఏమిటని అడిగితే మాత్రం నీళ్లు నమలొద్దు. ఇంటిపేరు దాచుకోవద్దు. మీ పేటతో మొదలుపెట్టి మొత్తం చెప్పండి.

జై భీమ్!