ముదిమికి అండ

మాడుగుల పేరు వినగానే శ్రోతలకు హల్వా జ్ఞప్తికి వచ్చును. తూర్పు కనుమల పాదమున నున్న ఆ ప్రాంతపు పల్లెలనుండి పడుచువారు పనులకై విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు తరలిపోవుచున్నారు. ఇంటి అరుగుమీద మిగిలినవారు పెద్దలు. ఇది ఒక్క మాడుగుల కథ కాదు. తెలుగునాట పెక్కు గ్రామముల కథ.

స్వాతంత్ర్యము వచ్చిననాడు మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. నేడది 70కి చేరువైనది. ఇది గర్వింపదగిన విజయమే. కాని సంతానము తగ్గినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలు. నలుగురు కొడుకులు వంతులు వేసికొని తల్లిదండ్రులను పోషించిన కాలము పోయి, ఆ భారమంతయు ఒక్క భుజముపై పడు కాలము వచ్చినది.

2024లో మన రాష్ట్రము, ఇద్దరికి మించి సంతానము గలవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదను నిబంధనను తొలగించినది. మంచిదే. కాని నేడు పుట్టిన శిశువు సంపాదనకు వచ్చుటకు ఇరువది యేండ్లు పట్టును. నేటి వృద్ధులు అంతకాలము వేచియుండగలరా?

ప్రభుత్వము ఊరకున్నదనుట న్యాయము కాదు. మన రాష్ట్రమున వృద్ధాప్య పింఛను 1960లోనే మొదలైనది. 1995 ఆగస్టు 15న కేంద్రము నెలకు 75 రూపాయల సాయమును ఆరంభించినది. 2024 జూలైనుండి రాష్ట్రపు పింఛను నెలకు 4,000 రూపాయలు. అది ఇంటికే వచ్చుచున్నది. ఐనను పని చేయు చేతులు తగ్గి, పింఛను అందుకొను చేతులు పెరిగినకొలది ఖజానాపై బరువు హెచ్చును. అదియునుగాక, రూకలు గంజి కాచి పోయవు. అర్ధరాత్రి ఆయాసము వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోవు.

కనుక కుటుంబపు బాధ్యతను చట్టముకూడ గుర్తించినది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద, తమను తాము పోషించుకొనలేని పెద్దలు బిడ్డలనుండి భృతి కోరుచు ట్రిబ్యునలునకు దరఖాస్తు చేసికొనవచ్చును. అరువదియేండ్లు నిండినవారు ఆస్తిని బిడ్డలకు వ్రాసియిచ్చునప్పుడు, తమ కనీసావసరములు తీర్చవలెనను షరతు పెట్టి, పుచ్చుకొన్నవారు దానిని తప్పినచో, ఆ బదిలీని రద్దు చేయుమని కోరవచ్చును. ఆ షరతు ఉండితీరవలెనని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పున స్పష్టపరచినది. చట్టమును వృద్ధుల మేలుకై ఉదారముగా అన్వయింపవలెనని 2025లో మరొక తీర్పు చెప్పినది. అయినను షరతు దస్తావేజులో ఉండుటే క్షేమము. కన్నబిడ్డతో కాగితమేమిటని సంకోచింపవలదు. మంచి బిడ్డకు ఆ వాక్యము బరువు కాదు. చెడ్డ బిడ్డకు అది పగ్గము.

ఇక సమాజము చేయవలసినది కొంత కలదు. ఒంటరిగా నున్న పెద్దలెవరో ప్రతి వీధివారికి తెలిసియుండవలెను. వారి రక్తపోటును, మధుమేహమును ఆరోగ్య కార్యకర్తలు ఇంటివద్దనే తరచు పరీక్షింపవలెను. దూరమున నున్న బిడ్డలు డబ్బుతో పాటు మాటనుకూడ పంపవలెను. ప్రభుత్వము పింఛను ఇయ్యగలదు. చట్టము భృతి ఇప్పింపగలదు. పలుకరింపు మాత్రము మనమే ఇయ్యవలెను.