హనుమకొండ తీర్పు



హనుమకొండ లోకసభ స్థానము నేడు లేదు. 1977లో తొలి యెన్నికను చూచిన యా స్థానము 2008 నాటి పునర్విభజనలో రద్దయ్యెను. పి.వి. నరసింహారావుగారిని అచ్చటి ప్రజలు 1977లోను, 1980లోను గెలిపించిరి. 1984లో కేంద్రమంత్రిగా నున్న యాయననే యోడించి, భారతీయ జనతా పార్టీకి చెందిన చందుపట్ల జంగారెడ్డిగారిని సభకు పంపిరి. నాడు దేశమంతటను ఆ పార్టీకి దక్కినవి రెండే స్థానములు; అందు హనుమకొండ యొకటి.

నరసింహారావుగారు అదే యెన్నికలో మహారాష్ట్రములోని రాంటెక్ నుండి గెలిచిరి, 1991లో ప్రధానమంత్రియైరి.

పెద్దరికమును చూచి ఓటరు వెనుదీయలేదు. ఓటమిని చూచి నాయకుడు క్రుంగలేదు. ఊరి యెన్నికలు కాగానే పగలు పెంచుకొను మన పిల్లలకు, రచ్చబండకడ ఈ సంగతి చెప్పుడు.