హనుమంతుడు తనను తాను ఓదార్చుకొన్న వేళ
(రామాయంపేటలో భక్తులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సుందరకాండ పారాయణ మనకు కొత్త కాదు. సముద్రలంఘనం, లంకాదహనం పిల్లలకు సైతం తెలిసినవే. పన్నెండు, పదమూడు సర్గలను మాత్రం మనం కొంత త్వరగా దాటిపోతామని నాకు తోచును. నేడు వాటినే తలచుకొందాం.

నూరు యోజనాల సముద్రం దాటిన హనుమంతుడు రావణుని అంతఃపురమంతా వెదకినాడు. సీతమ్మ కనబడలేదు. తన శ్రమ వ్యర్థమైనదని కుంగినాడు. దిగులు పడకుండుటయే సిరికి మూలమని తనకు తాను చెప్పుకొని లేచి మరల వెదకినాడు. మరల కనబడలేదు. ఈసారి దుఃఖం ముందుకన్న లోతుగా ముంచినది. ఈ వార్త వింటే రాముడు బ్రతుకడు, ఆ వెనుక లక్ష్మణుడు, తల్లులు, సుగ్రీవుడు, వానరులు... ఒక్క వైఫల్యం నుండి వంశనాశం దాకా ఆయన మనస్సు పరుగెత్తినది. అగ్నిప్రవేశం చేయుదునా అనియు తలచినాడు. వాల్మీకి దీనిని దాచలేదు.

అక్కడ ధైర్యం చెప్పుటకు జాంబవంతుడు లేడు. మరణంలో దోషాలు అనేకం, జీవించియున్నవాడు శుభం చూడగలడని తనకు తానే చెప్పుకొన్నాడు. అప్పుడు, ఇంకను వెదకని అశోకవనం కంటబడినది. అది అంతకుముందును అక్కడనే ఉన్నది సుమా!

2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ దీనికి దగ్గరి భావాన్నే ఆత్మకరుణ అను పేర శాస్త్రరీతిగా వివరించినారు. తనయెడ దయ, ఈ బాధ నా ఒక్కనిదే కాదను ఎరుక, దుఃఖంలో కొట్టుకొనిపోక దానిని చూచు నిలకడ అందులోని అంగాలు. ఇది సోమరితనమని కొందరి శంక. హనుమ ఓదార్చుకొని కూర్చుండలేదు, వెదకుటకు లేచినాడు.

మన మెతుకుసీమలో పొరుగువాని బోరు ఎండితే రైతు వాని పక్కన కూర్చుండి, "రంది పడకు తమ్మీ, నేనున్న" అంటాడు. తన బోరు ఎండిననాడు మాత్రం "అంతా నా చేతగానితనమే" అని రాత్రంతా తనను తాను తిట్టుకొనును. అదే మాట తనకు చెప్పుకొనుటకు నోరు రాదు. "నేను పాపిని" అని దేవుని ముందు తల వంచుట భక్తి. ఇంటికి పోయి ఆ మాటతోనే తనను పొడుచుకొనుట భక్తి అని నేను అంగీకరించను.

ఓదార్పు ఒకసారికి నిలువకపోవచ్చు. హనుమకే నిలువలేదు. చావు తలపు వచ్చినచో ఒంటరిగా ఉండవద్దు. ఇంటివారితో చెప్పండి. టెలి మానస్ 14416కు పగలైనా రాత్రియైనా ఫోన్ చేయవచ్చును. తెలుగులోనే మాట్లాడుదురు, రుసుము లేదు.