టెయిల్ ల్యాంపు కనబడిందా?

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. ముప్ఫై నాలుగేళ్లు గూడ్సు గార్డుగా పనిచేసి 2014లో రిటైరైనవాణ్ణి. (2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజరు అంటున్నారు. ఆ హోదా అనుభవించే యోగం మనకు లేకపోయింది!) అరవై మూడో ఏట మన విశాఖలో ఒక పరుగు క్లబ్బులో చేరాను. ఆదివారాలు జట్టుతో కలిసి దూరం పరుగెత్తడం అక్కడే నేర్చుకున్నాను. ఆ సంగతులు చెబుతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. మా ఇంటావిడ ఈ సభలోనే కూర్చుంది కాబట్టి దాచే వీలు లేదు.

పరుగంటే ఆయాసపడుతూ, రొప్పుతూ పోవడం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మొదటి రోజే క్లబ్బువాళ్లు ఒక్క మాట చెప్పారు: పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా పరుగెత్తండి, మాట తెగితే నడవండి, అని. నడకకు తక్కువేం కాదు, అంతే. మొదటి మూడు నెలలు నేను ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. దానికి ముందు గుండె పరీక్ష చేయించుకోనిదే చేర్చుకోలేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఆదివారం ఏర్పాటు ఇలా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర అందరూ చేరతారు. ముందు రిజిస్టరులో సంతకం. పేరు, ఇంటి ఫోను నంబరు, ఆ రోజు ఎంత దూరం. పూర్తి మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. దానికి తయారయ్యే కుర్రవాళ్లు ఆ రోజు ముప్ఫై దాకా వెళతారు. నాలాంటివాళ్లు పది, పన్నెండు. దారిలో రెండు మూడు కిలోమీటర్లకొకచోట స్కూటరు మీద నీళ్ల క్యాను, అరటిపళ్లు, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు. ఒట్టి నీళ్లే దాహానికి మించి తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదొక ప్రమాదమని అక్కడే విన్నాను. అలాగని బీపీ ఉన్నవారు ఉప్పు నీళ్లు ఇష్టమొచ్చినట్టు తాగకూడదు, డాక్టరును అడగాలి.

అన్నిటికంటే వెనక ఒకరు వస్తారు. క్లబ్బు భాషలో స్వీపరు. మొదట విని నవ్వాను. మా జట్టుకు ఆ వంతు ఎక్కువగా ఒక బ్యాంకు ఉద్యోగినిది. నన్ను ‘బాబాయ్ గారూ’ అంటుంది. తలచుకుంటే మా అందరికంటే ముందు చేరగలదు. కాని తన వంతు వచ్చిన రోజు ఆఖరువాడి వెనకే వస్తుంది. ఆమె చేరేదాకా రిజిస్టరు మూయరు.

రైల్వేవాళ్లకు ఇది వేరే చెప్పాలా? ఇంజను వచ్చేసింది కదా అని స్టేషను మాస్టరు బండి వచ్చినట్టు ఒప్పుకోడు. ఆఖరి పెట్టెకు ఎల్.వి. బోర్డు, రాత్రయితే టెయిల్ ల్యాంపు కనబడాలి. అప్పుడే బండి పూర్తిగా వచ్చినట్టు, వెనక సెక్షను ఖాళీ అయినట్టు. సర్వీసంతా ఆ దీపం పక్కనే కూర్చున్నవాణ్ణి నేను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. న్యూజిలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఉండేవాడు, చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. ఆదివారాలు తన జట్టును ఆక్లాండ్ కొండదారుల్లో 22 మైళ్లు పరుగెత్తించేవాడు. 800 మీటర్ల పందెగాణ్ణి కూడా వదలలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మరీ హాల్బెర్గ్ 5000 మీటర్లలో బంగారు పతకాలు తెచ్చారు. నాకు అంతకంటే నచ్చింది వేరే ఉంది. ఆయన ప్రోత్సాహంతోనే అక్కడ మామూలు గృహస్థులు, గుండెజబ్బు వచ్చినవాళ్లు కూడా జట్లుగా పరుగెత్తడం మొదలుపెట్టారు. 1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అనే పేరున్న కోచ్ చూడడానికి వెళ్లాడు. యాభై దాటిన ఆయన ఆ జట్టుతో పరుగెత్తబోయి వెనకబడిపోయాడు. అప్పుడు డెబ్భై దాటిన, గుండెపోటు వచ్చిన ఒక పెద్దాయన తన వేగం తగ్గించుకుని, కబుర్లు చెబుతూ ఆయనకు తోడు వచ్చాడు. బోవర్‌మన్ స్వదేశం వెళ్లి జాగింగ్ ప్రచారం మొదలుపెట్టాడు, 1967లో ఒక పుస్తకమే తెచ్చాడు.

ఇక నా తప్పు. 2019 ఏప్రిల్‌లో ఒక ఆదివారం. నాకు మొదటిసారి 18 కిలోమీటర్లు, రుషికొండ దాకా వెళ్లి రావడం. ముందురోజు రాత్రి పెళ్లి భోజనం, నిద్ర చాలలేదు. తిరుగు దారిలో సాగర్‌నగర్ దగ్గర కళ్లు తిరిగినట్టయింది. ఎదురుగా సముద్రం మీద ఎండ. ఆ అమ్మాయి, “బాగానే ఉన్నారా బాబాయ్ గారూ?” అంది. “నిక్షేపంలా ఉన్నాను” అన్నాను. అప్పుడే ముందు ఒక కుర్రాడికి పిక్క పట్టేసింది. “వాణ్ణి చూడమ్మా, నేను మెల్లగా వస్తాను” అని పంపేశాను. ఆమె నా మాట నమ్మింది. ఆమె మలుపు తిరగ్గానే ఆటో ఎక్కాను.

నేరుగా ఇంటికి వెళితే మొహం చూసి ఇంటావిడ కనిపెడుతుందని హోటల్లో దిగి రెండు ఇడ్లీలు తిన్నాను, కాఫీ తాగాను, ఫ్యాను కింద కూర్చున్నాను. ఫోను ఇంట్లోనే ఉంది. ఎనిమిదిన్నరకు మా వీధి మలుపు తిరిగేసరికి గుమ్మంలో జనం. సంతకాలు 27, తిరిగి వచ్చింది 26. క్లబ్బువాళ్లు ఇంటికి ఫోను చేసి, రెండు స్కూటర్ల మీద బీచ్ రోడ్డంతా గాలిస్తున్నారు. ఆ అమ్మాయి తెన్నేటి పార్కు కింద రాళ్ల దాకా దిగి చూసి వచ్చిందట.

మా ఇంటావిడ ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ఆమె చేతులు వణకడం చూశాను. 2016లో నాతో పనిచేసిన ఒక మిత్రుడు పొద్దున్నే ఒంటరిగా వాకింగుకు వెళ్లి రోడ్డు పక్కన పడిపోయాడు. జేబులో తాళంచెవి తప్ప మరేమీ లేదు. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. ఫలానావాడని తెలిసేసరికి మధ్యాహ్నం మూడు, అప్పటికే ప్రాణం పోయింది. ఆ రోజంతా ఆయన భార్య పక్కన కూర్చున్నది మా ఇంటావిడే. ఆ సంగతి నాకు గుర్తు రాకుండా పోలేదు; ఆటో ఎక్కేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. ముప్ఫై నాలుగేళ్లు బ్రేక్ వ్యాను వదలనివాణ్ణి, సిగ్గుపడి బండి వదిలి దిగిపోయాను.

మరుసటి ఆదివారం క్షమాపణ చెబుదామని వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను మాట్లాడనివ్వలేదు. “ముందు సంతకం పెట్టండి బాబాయ్ గారూ” అని పెన్ను చేతికిచ్చింది. ఆ ఏడాది చివరి నుంచి నడిచేవాళ్ల జట్టుకు స్వీపరుగా నేనే వస్తున్నాను. “బాగానే ఉన్నాను” అనేవాణ్ణి ఇంకో రెండు నిమిషాలు మాట్లాడిస్తాను. నిజం ఆ రెండో నిమిషంలో బయటికి వస్తుంది.

మన సంఘం తరఫున కూడా ఇలాంటిది పెట్టాలని నా కోరిక. పరుగు అక్కరలేదు, మూడు కిలోమీటర్ల నడక చాలు. మనం బతికే ఉన్నామని ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం కదా, వారానికొకసారి ఒకరికొకరం ఇచ్చుకుందాం. వచ్చే ఆదివారం ఐదున్నరకు సబ్‌మెరైన్ దగ్గర ఉంటాను. నీళ్లు నేను తెస్తాను, అరటిపళ్లు కోశాధికారిగారు ఒప్పుకున్నారు. రిజిస్టరు ఆ తలుపు పక్క బల్ల మీద ఉంది. పేరు, ఇంటి ఫోను నంబరు, వాడే మందులు రాయండి. పెన్ను మాత్రం అక్కడే ఉంచండి, అది మా ఇంటావిడది.